పేరు లేని బోర్డు

12 సెప్టెంబర్ 2023, మంగళవారం

షట్టరు ఎత్తకముందే గుమాస్తా కాక మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఒళ్లో తువాల్లో చుట్టిన లాప్‌టాప్. "బిడ్డా, పాణమైతే ఉన్నది గని దీనికి కండ్లు పోయినయ్" అన్నాడు.

ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది, డిస్కు లైటు మిణుకుమంది. తెర మాత్రం బొగ్గు. దుకాణంలో లైటు ఆర్పి ఫోన్ టార్చి ఏటవాలుగా కొడితే అక్షరాలు కనబడ్డాయి, బాయిలో పడ్డ చెంబు కనబడ్డట్టు. బొమ్మ వస్తోంది, వెనక వెలుగు లేదు. ఇది ఎల్‌ఈడీ తెర, పాత ట్యూబు తెరల్లోలా ఇన్వర్టరు పోయిందనడానికి లేదు. కేబులు అనుకొని మూత విప్పబోయి, ఎందుకో చార్జరు పెట్టాను. భళ్లున వెలుగు. తీశాను. చీకటి. వెలుగు పెంచే కీలు ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"నాకు ఆడ ప్లగ్గు యాడుంటది" అన్నాడు కాక. నిజమే. నిమ్మ మార్కెట్‌లో కాయ కుప్పల పక్కన నిలబడి, బస్తాల లెక్క అక్కడికక్కడే కొట్టి, రైతుకు తక్‌పట్టీ ఇచ్చే పని ఆయనది. బ్యాటరీ మీద నడవకపోతే ఆయనకు అది అట్టముక్కతో సమానం.

ఆయనకు చెప్పని సంగతి ఇక్కడ రాసుకుంటాను. పోయిన నెల దీనిలోని లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు అప్‌గ్రేడ్ చేసింది నేనే. అడగలేదు కూడా. "మంచిది కాకా, సెక్యూరిటీ" అని చేసి పెట్టాను.

13 సెప్టెంబర్, రాత్రి

బూట్ మెనూలో పాత కెర్నెల్ 5.10 ఇంకా ఉంది. దాంతో లేపితే బ్యాటరీ మీద కూడా వెలుగు బంగారంలా ఉంది, కీలు పనిచేస్తున్నాయి. కొత్తది 6.1తో లేపితే చీకటి. అంటే తెర కాదు, కేబులు కాదు, నా అప్‌గ్రేడే. ప్రస్తుతానికి పాత కెర్నెల్ మీద పెట్టి కాక చేతికిచ్చాను. రాత్రి దుకాణం మూసేటప్పుడు నా దగ్గర దింపి, పొద్దున తీసుకుపోయేటట్టు ఒప్పందం.

16 సెప్టెంబర్, శనివారం

కాక అడిగాడు, కెర్నెల్ అంటే ఏందని. దడ్వాయిని చూపించాను. రైతు తన బస్తా తానే కాంటా మీద పెట్టి తూచుకోడు, వ్యాపారీ తూచుకోడు. ఎవరి బస్తా అయినా దడ్వాయి చేతి మీదుగానే కాంటాకెక్కాలి, ఆయన రాసిందే తూకం. కంప్యూటర్లో తెర, డిస్కు, కీబోర్డు, మెమరీ అన్నీ కాంటాలనుకుంటే, ఏ ప్రోగ్రామైనా కెర్నెల్ చేతి మీదుగానే వాటిని ముట్టాలి. "అయితే గా దడ్వాయికి మన కాంటా తెలుస్తలేదన్నట్టు" అన్నాడు కాక. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

ఎందుకు తెలియడం లేదో సగం అర్థమైంది. పాత లాప్‌టాప్‌లలో తెర వెలుగు తిప్పడానికి మూడు దారులున్నాయి: బయోస్‌లోని ఏసీపీఐ ద్వారా, తయారీదారు సొంత డ్రైవరు ద్వారా, లేదా గ్రాఫిక్స్ చిప్పు చేత నేరుగా. ఏ మోడల్లో ఏది పనిచేస్తుందో బయట నుంచి చెప్పలేం. కొన్నింట్లో బయోస్ "నేను చేస్తా" అని మాటిచ్చి ఏమీ చేయదు. మూడోదారి అయిన నేటివ్‌ను బలవంతంగా ఎంచుకొమ్మని బూట్ లైనులో ఒక ముక్క తగిలించాను, ఏసీపీఐ బ్యాక్‌లైట్ ఈక్వల్ టు నేటివ్ అని. 6.1 మీద కూడా వెలుగు వచ్చేసింది.

ఇక్కడితో ఆపేయొచ్చు. రెండు వందలు తీసుకొని పంపేయొచ్చు. కానీ ఇదే మోడల్ లాప్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండువి ఎన్ని అమ్ముడయ్యాయో. కాకది కూడా 2019లో అక్కడ కొన్నదే, తయారీ 2011. విండోస్ 7కు 2020 జనవరి 14తో మద్దతు ఆగిపోయినప్పుడు నేనే దీనికి లినక్స్ ఎక్కించాను. అలా ఎక్కించుకున్నవాళ్లు ఎందరో ఈ చీకటి చూసి, తెర పోయిందనుకొని పక్కన పారేసి ఉంటారు. తెర మార్చి డబ్బు గుంజిన రిపేరు దుకాణాలూ ఉండే ఉంటాయి. (నేను కూడా మొదట కేబులే అన్నాను కదా.)

పడుకోబోయే ముందు పాత కథలు గుర్తొచ్చాయి. కెర్నెల్ తప్పంటే మహా అయితే మెషిన్ ఆగిపోవడం అనుకుంటాం. 2008లో 2.6.27 తయారీలో ఉండగా ఇంటెల్ ఈ1000ఈ రకం నెట్‌వర్క్ చిప్పులలోని చిన్న మెమరీ చెరిగిపోయి కార్డులే చచ్చిపోయాయి. అందరూ నెట్‌వర్క్ డ్రైవరును అనుమానించారు. చివరికి చూస్తే ఎఫ్‌ట్రేస్ అనే సంబంధం లేని విభాగం తనది కాని చోట రాసేసింది. 2013లో కొన్ని సామ్‌సంగ్ లాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐ పద్ధతిలో లినక్స్ బూట్ చేస్తే మళ్లీ లేవలేదు. 2017 డిసెంబర్‌లో ఉబుంటు 17.10 డౌన్‌లోడునే వెనక్కి తీసుకున్నారు. ఒక ఎస్‌పీఐ డ్రైవరు పుణ్యమా అని కొన్ని లెనోవో లాప్‌టాప్‌లలోనూ మరికొన్నింట్లోనూ బయోస్‌లో మార్చిన సెట్టింగు నిలవకుండా పోయింది. మరుసటి నెల సరిచేసి మళ్లీ పెట్టారు. మూడుసార్లూ సంగతి ముందు తెలిసింది ఆ మెషిన్ ఒళ్లో పెట్టుకున్నవాళ్లకే, రాసినవాళ్లకు కాదు. రాసినవాళ్ల బల్ల మీద 2011 లాప్‌టాప్ ఎందుకుంటుంది?

19 సెప్టెంబర్, మంగళవారం

నిన్న చవితి. దుకాణం బందు. సందు చివర మండపంలో మైకు పొద్దుటి నుంచి.

కెర్నెల్ చరిత్ర మొత్తం దించుకోవాలి. రెండు మూడు జీబీలు. ఫోన్ హాట్‌స్పాట్‌తో మొదలుపెడితే రోజు కోటా అయిపోయి మధ్యలో తెగింది. ఈ గిట్ క్లోన్‌కు ఒక పాడు గుణం, తెగిన చోటి నుంచి అందుకోదు, మళ్లీ మొదటికే. రెండుసార్లు పోయింది. ఇవాళ రాత్రి పక్క మెడికల్ షాపు ఫైబర్ లైను అడుక్కొని దించాను. దానికి బదులు వాళ్ల బిల్లింగ్ ప్రింటరు రోలరు ఊరికే మార్చాలి.

పద్ధతి ఇది. 6.0 తెచ్చి చూశాను, వెలుగు ఉంది. 6.1లో లేదు. రెంటి మధ్య దాదాపు 14 వేల మార్పులు. బోరు మోటరు వైరు ఎక్కడ తెగిందో చూసేవాడు మొదటి నుంచీ గజం గజం తడమడు, సరిగ్గా మధ్యలో టెస్టరు పెడతాడు. కరెంటు ఉంటే తెగింది అవతలి సగంలో, లేకపోతే ఇవతలి సగంలో. మళ్లీ అందులో సగం. 14 వేలైనా ఇట్లా సగం సగం కోసుకుంటూ పోతే 14 పరీక్షల్లో ఒక్కదానికి దిగిపోతుంది. దీన్నే బైసెక్ట్ అంటారు. ఒక్కో పరీక్షకు ఒక్కో కెర్నెల్ కొత్తగా కంపైల్ చేయాలి. కాక లాప్‌టాప్‌కు అక్కరున్న డ్రైవర్లే ఉంచి మిగతావి కోసేస్తే నా డెస్క్‌టాప్‌లో అరగంట లోపు అవుతోంది. అయ్యాక పెన్‌డ్రైవ్, ఇన్‌స్టాల్, రీబూట్.

24 సెప్టెంబర్, ఆదివారం

తొమ్మిది పరీక్షలు అయ్యాయి. వరసగా "చీకటి, చీకటి, చీకటి" వస్తుంటే అనుమానమొచ్చింది. ఆగకుండా మిగతావీ కానిచ్చేశాను. చివరికి చూపుడువేలు ఎక్కడికి పోయిందంటే, ఒక నెట్‌వర్క్ కార్డు డ్రైవరులో వ్యాఖ్య సరిదిద్దిన మార్పు మీదికి. తెర వెలుగుకూ దానికీ ఏం చుట్టరికం?

చాలాసేపటికి తట్టింది. నాలుగో పరీక్ష నాడు కరెంటు పోయి వచ్చింది. వచ్చాక బ్యాటరీ తక్కువుందని చార్జరు పెట్టాను. చార్జరు ఉంటే వెలుగు ఉండనే ఉంటుంది! చెడ్డదాన్ని మంచిదని రాసుకున్నాను. ఒక్క అబద్ధపు తూకంతో తర్వాతి తూకాలన్నీ పోయాయి.

నా కంటిని నమ్మడం ఇంక మానేశాను. సిస్టంలో బ్యాక్‌లైట్ అనే ఒక ఫోల్డరు ఉంటుంది. కెర్నెల్‌కు వెలుగు తిప్పే దారి దొరికితే అందులో ఒక పేరు కనబడుతుంది, దొరక్కపోతే ఖాళీ. చార్జరున్నా లేకపోయినా అది అబద్ధం చెప్పదు. ఆ ఫోల్డరు మొదటి రోజే చూసి ఉంటే వారం మిగిలేది.

నాలుగో దాని నుంచి మళ్లీ మొదలు.

28 సెప్టెంబర్, గురువారం

నిమజ్జనం. డీజేకు దుకాణం అద్దాలు వణుకుతున్నాయి. రెండు కెర్నెళ్లు బూటే కాలేదు. వాటికి మంచి, చెడు కాక మూడో మాట ఉంది, స్కిప్. పక్కదాన్ని ఇస్తుంది. మా ఆవిడ వచ్చి, "కాక లాప్‌టాప్‌కు రెండు వందలు అన్నవు, కరెంటు బిల్లు ఎంతొస్తది?" అని అడిగింది. జవాబు లేదు నా దగ్గర.

1 అక్టోబర్, ఆదివారం

దొరికింది.

ఇంతవరకు లినక్స్‌లో ఒకే తెరకు రెండు మూడు వెలుగు దారులూ పక్కపక్కనే ఉండేవి. ఏది వాడాలో పైనున్న డెస్క్‌టాప్ తేల్చుకునేది. 6.1లో ఈ గందరగోళం వద్దని, ఒక తెరకు ఒకే దారి, ఏదో కెర్నెల్ ముందే తేల్చాలి అని కట్టుదిట్టం చేశారు. చదువుతుంటే ఇది మంచి పని అనే అనిపించింది. తప్పు చేసింది కాదు, ఇల్లు సర్దింది. సర్దేటప్పుడు ముసలమ్మ పట్టుకొని నడిచే కర్ర మూలకు పోయింది, అంతే. కాక లాప్‌టాప్ బయోస్ విండోస్ 8 కంటే పాతది. అలాంటివాటికి నేటివ్ దారి పనికిరాదని కెర్నెల్ అంచనా. మిగిలిన రెండు దారులూ దీనికి లేవు. ఇదివరకు నేటివ్ ఎలాగూ ఉండేది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇంకోటి చదివాను. ఆ మార్పు చేసినాయన ముందే, 2022లోనే, పాత లాప్‌టాప్‌లున్నవాళ్లు దయచేసి పరీక్షించి చెప్పండని అడిగాడు. అడిగాడు. ఆ మాట మా నకిరేకల్ దాకా వచ్చేదెట్లా? నేనైనా చూశానా?

4 అక్టోబర్, బుధవారం

ఫిర్యాదు రాసి పంపాను. నా ఇంగ్లీషులో ఇరవై వాక్యాలు, రెండు గంటలు. ఏ మార్పు తర్వాత చెడిందో దాని నంబరు, ఏం చేస్తే బాగవుతుందో, లాగు ఫైళ్లు. కెర్నెల్ వాళ్లకు ఒక కట్టుబాటుంది: నిన్న నడిచింది ఇవాళ నడవకపోతే దానికి రిగ్రెషన్ అని పేరు, మిగతా తప్పుల కంటే దానికి గౌరవం ఎక్కువ. వాటిని లెక్కపెట్టి వెంటబడడానికే ఒక మనిషి, ఒక పద్ధతి పెట్టుకున్నారు.

పంపేముందు కొంచెం భయపడ్డాను. బూట్ లైనులో నేను పెట్టిన ముక్క తెరకు హాని చేస్తుందా అని. నిరుడు సరిగ్గా ఈ రోజుల్లోనే 5.19.12 కెర్నెల్ కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌ల తెరలకు కరెంటిచ్చే వరస, వ్యవధులు తప్పుగా లెక్కేసింది. తెరలు తెల్లగా మిణుకుమిణుకుమన్నాయి. ఎల్‌సీడీ పాడయ్యే ప్రమాదం ఉంది, ఇది వాడొద్దని ఇంటెల్ ఇంజనీరే చెప్పాడు. ఆ మార్పును తీసేసి 5.19.13 వదిలారు. కాక తెర పోతే కొత్తది ఆయన కొనలేడు, నేను కొనివ్వలేను. తీరా చూస్తే నా ముక్క ఆ జాతిది కాదు, పాత కెర్నెల్ రోజూ చేసిన పనే. పంపాను.

9 అక్టోబర్, సోమవారం

ఎన్నికల షెడ్యూలు వచ్చింది, నవంబర్ 30 పోలింగు. కోడ్ వచ్చిందని రోడ్డు మీది ఫ్లెక్సీలు పీకుతున్నారు. నేను కొట్టిచ్చిన రెండు కూడా పోయాయి. డబ్బులు ఇంకా రాలేదు.

జవాబు వచ్చింది! ఐదు రోజుల్లో. అవతలి ఇంజనీరు మర్యాదగా రాశాడు. బైసెక్ట్‌కు థాంక్స్, మీ మోడల్‌ను పట్టికలో చేరుస్తాను, డీఎంఐ వివరాలు పంపండి అని.

పట్టిక అంటే, వీడియో డిటెక్ట్ అని కెర్నెల్‌లో ఒక ఫైలు. నేను అరగంట దాన్నే చదివాను, కథలాగా. వరసగా లాప్‌టాప్ పేర్లు. ఈ మోడల్‌కు ఏసీపీఐ దారి పనికిరాదు, ఆ మోడల్‌కు నేటివ్ ఇవ్వండి. చాలా పేర్ల మీద ఒక ఫిర్యాదు నంబరు. పదేళ్ల కిందటివి, పదిహేనేళ్ల కిందటివి. ఒక్కో నంబరు వెనక ఎక్కడో ఒకరు, టార్చి పట్టుకొని తన తెరలోకి తొంగి చూసినవాళ్లు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఇదంతా మొదలుపెట్టింది ఒక 386 మెషిన్ మీద. 2013లో వచ్చిన 3.8 కెర్నెల్‌తో ఆ 386నే తీసేశారు, పుట్టింటి తలుపు మూసినట్టు. అలాంటి ఇంట్లో ఈ పట్టిక ఇంకా ఉంది.

డీఎంఐ అంటే మెషిన్ తన పేరు తాను చెప్పుకొనే చోటు. తయారీదారు ఎవరు, మోడల్ ఏది. బయోస్‌లో రాసి ఉంటుంది. కాక లాప్‌టాప్‌ను అడిగాను.

తయారీదారు: టు బి ఫిల్డ్ బై ఓఈఎం. మోడల్: టు బి ఫిల్డ్ బై ఓఈఎం.

పేరు రాయాల్సిన ఖాళీ గళ్లు! అమ్మినవాడు ఎప్పుడో మదర్‌బోర్డు మార్చాడు. సర్వీసు బోర్డు, పేరు పెట్టకుండానే బిగించాడు. మూత మీది స్టిక్కరు ఒకటి చెబుతుంది, లోపలి బోర్డుకు పేరే లేదు. కెర్నెల్ చూసేది లోపలిదాన్ని. ఆ ఖాళీ మాటనే పట్టికలో రాద్దామంటే, ప్రపంచంలో పేరు పెట్టని బోర్డులన్నింటికీ అదే మాట. ఒకదానికి వెలుగిచ్చి ఎన్నింటికి ఆర్పుతామో.

కాకకు చెప్పాను. ఆయన నవ్వి, "ఆధార్ లేదన్నట్టు" అన్నాడు.

14 అక్టోబర్, శనివారం

ఎంగిలి పూల బతుకమ్మ. గునుగు, తంగేడు కోసం పిల్లలు చెరువు కట్టకు పోయారు.

పేరు చెడని జంట మెషిన్ కావాలి. దుకాణం ముందు కాగితం అంటించాను: ఈ మోడల్ లాప్‌టాప్ ఉన్నవారు ఐదు నిమిషాలు చూపిస్తే కీబోర్డు ఉచితంగా శుభ్రం చేయబడును. ఇద్దరు వేరే మోడళ్లు తెచ్చి శుభ్రం చేయించుకొని పోయారు. సూర్యాపేటలో, నల్లగొండలో తెలిసిన రిపేరు వాళ్లకు ఫోన్ చేశాను. ఒకాయన, "పోయిన నెలలోనే ఒకటి తుక్కుకేసిన, తెర వస్తలేదని" అన్నాడు. ఆ మాట విన్నాక కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

22 అక్టోబర్, ఆదివారం

సద్దుల బతుకమ్మ. ఆమె, పిల్లలు పోయారు. నేను కట్టంగూర్ పోయి వచ్చాను.

నేను పది రోజులు తిరిగి దొరికించుకోలేనిది కాక రెండు రోజుల్లో తెచ్చాడు. నిమ్మకాయలు తెచ్చిన ప్రతి రైతుకూ తక్‌పట్టీ రాసిస్తూ, తన లాప్‌టాప్ తిప్పి మూత చూపించి, "గిసొంటిది మీ ఊర్ల ఎవలకన్న ఉన్నదా?" అని అడిగాడట. ఒక రైతు, మా చెల్లె కొడుకు దగ్గరుంది, కట్టంగూర్‌లో బట్టలు కుట్టే దుకాణం వాళ్లది, అన్నాడు. పోతే నిజంగానే అదే. పిల్లాడు డిగ్రీ. విండోసే ఉంది అందులో. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లేపాను. చార్జరు తీశాను. చీకటి. ఇంత సంతోషంగా చీకటిని ఎప్పుడూ చూడలేదు. టైలరక్క మాత్రం గుండె పట్టుకుంది, కొడుకు లాప్‌టాప్ పాడు చేశాననుకొని. టార్చి వెలుగులో డీఎంఐ చదివాను. పేరు, మోడల్, అన్నీ ఉన్నాయి. మళ్లీ విండోస్‌లో లేపి, వెలుగు చూపించి, వాళ్లు పెట్టిన సత్తుపిండి తిని బయటపడ్డాను.

రాత్రి వివరాలు పంపాను.

6 నవంబర్, సోమవారం

ప్యాచ్ వచ్చింది, పరీక్షించి చెప్పమని. తొమ్మిది లైన్లు. అందులో పని చేసేవి రెండే: తయారీదారు పేరు ఇదైతే, మోడల్ ఇదైతే, నేటివ్. కంపైల్ చేసి పెన్‌డ్రైవ్ మీద పెట్టుకొని మళ్లీ కట్టంగూర్ పోయాను. వెలిగింది. పిల్లాడు దాన్ని వీడియో తీసుకున్నాడు. పరీక్షించినవారు అని నా పేరు వేస్తామన్నారు. వేయమన్నాను. ఎందుకు వద్దంటాను?

అదే కెర్నెల్‌తో కాక లాప్‌టాప్ కూడా లేపి చూశాను, తెలిసి తెలిసే. చీకటి.

10 డిసెంబర్, ఆదివారం

ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీల గిరాకీ మళ్లీ మొదలు.

పొద్దున్నే వచ్చింది చల్లటి వార్త కాదు. నిన్న రావలసిన డెబియన్ 12.3ను ఆపేశారు. అందులోని 6.1.64 కెర్నెల్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం తప్పొకటి దొరికింది, డిస్కు మీది ఫైళ్లే చెడిపోవచ్చట. ఇవాళ 12.4 అని వేరే వదిలారు, 6.1.66 కెర్నెల్‌తో. దుకాణంలో మూడు మెషిన్లకు డెబియనే. ఏదీ నిన్న అప్‌డేట్ కాలేదు, నా బద్ధకం మేలు చేసింది. కాకకు పొద్దున్నే ఫోన్ చేశాను, రెండు రోజులు ఏం అడిగినా "వద్దు" నొక్కు కాకా అని. "నేను ఎప్పుడూ గదే నొక్కుత" అన్నాడు. సెప్టెంబర్ నుంచి ఆయన అదే నొక్కుతున్నాడట. సెక్యూరిటీ గురించి ఆయనకు నేను చేసిన బోధంతా ఒక్క నా అప్‌గ్రేడ్‌తో కొట్టుకుపోయింది.

17 డిసెంబర్, ఆదివారం

కాక లాప్‌టాప్‌కు బూట్ లైను ముక్క శాశ్వతంగా రాసిపెట్టాను. కానీ రేపు నేను ఊళ్లో లేనప్పుడు ఎవరైనా ఫార్మాట్ చేస్తే అది పోతుంది. అందుకని ఒక తెల్ల స్టిక్కరు మీద ఆ ముక్కను అక్షరం అక్షరం పెద్దగా ప్రింటు తీసి, పైన ల్యామినేషన్ వేసి, లాప్‌టాప్ అడుగున అంటించాను. కింద తెలుగులో: తెర చీకటైతే తెర మార్చవద్దు, ఇది టైపు చేయండి.

కాక తిప్పి చూసుకున్నాడు. ఇంగ్లీషు ముక్క చదవలేదు, తెలుగు వాక్యం రెండుసార్లు చదివాడు. రెండు వందలు బల్ల మీద పెట్టాడు. వద్దన్నాను. దుకాణం మూసేటప్పుడు చూస్తే కుర్చీ కింద సంచి ఉంది, నిండా నిమ్మకాయలు. ఆమె పచ్చడికి పొద్దున్నే కొయ్యాలంటోంది.